ఖాళీగా కనిపించే ఛానల్

ఇంట్లో వైఫై నెమ్మదిస్తే, కాస్త తెలిసినవాళ్లు ఫోన్లో ఎనలైజర్ యాప్ తెరిచి ఎవరూ లేని ఛానల్ కోసం వెతుకుతారు. అపార్ట్‌మెంట్లలో ఆ తెర మీద 1, 6, 11 దగ్గర గీతలు కిక్కిరిసి ఉంటాయి, 4 దగ్గర జాగా కనిపిస్తుంది. వెంటనే రౌటర్‌ను 4కి మార్చేస్తారు. ఆ మార్పు వాళ్లకూ మేలు చేయదు, పక్కింటికీ చేటే. 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండులో మన దేశంలో 13 ఛానళ్లున్నా, ఒకదానికీ పక్కదానికీ మధ్య ఎడం 5 మెగాహెర్ట్జే. వైఫై సిగ్నల్‌కు కావలసిన వెడల్పు మాత్రం 20. అంటే 4వ ఛానల్ 2417 నుంచి 2437 దాకా పరుచుకుంటుంది. అందులో మొదటి ఐదూ 1వ ఛానల్ వాళ్లవి, చివరి పదీ 6వ ఛానల్ వాళ్లవి. ఎవరికీ చెందకుండా మిగిలేది నడుమనున్న ఐదే.

అందరూ 1, 6, 11 ఈ మూడింట్లోనే సర్దుకుంటే రద్దీ పెరగదా అని అడగవచ్చు. పెరుగుతుంది. కానీ ఒకే ఛానల్లో ఉన్న రౌటర్లకు ఒకదాని మాట ఒకదానికి అర్థమవుతుంది. మైనస్ 82 డీబీఎం అంత బలహీనమైన సిగ్నల్‌ను కూడా గుర్తుపట్టి, ఎంతసేపు ఆగాలో అందులోనే చదువుకుని, తమ వంతు కోసం ఆగుతాయి. సగం సగం కలిసే ఛానల్ నుంచి వచ్చేది వాటికి వట్టి రొద. అది మైనస్ 62 దాకా బలపడితే తప్ప ఆగవు. ఈలోగా డేటా పాడై, మళ్లీ మళ్లీ పంపాల్సి వస్తుంది. అందుకే ఎన్ని నెట్‌వర్క్‌లున్నాయో లెక్కపెట్టడం కన్నా, ఏది ఎంత బలంగా వినిపిస్తోందో, ఎంత వాడకంలో ఉందో చూడాలి. మైనస్ 85లో ఊరికే ఉన్న నాలుగింటి కన్నా, మైనస్ 45లో రాత్రంతా వీడియోలు నడిచే ఒక్కటే ఎక్కువ అడ్డు.

ఛానల్‌ను ఆటోలో పెడితే రౌటరే చూసుకుంటుంది కదా అనేవాళ్లూ ఉన్నారు. చాలా రౌటర్లు ఆన్ అయినప్పుడు మాత్రమే చూసుకుంటాయి. కరెంటు పోయి వస్తే ఇన్వర్టర్ లేని ఇళ్లలోవన్నీ ఒక్కసారే లేస్తాయి. అప్పటికి ఎవరి వాడకమూ మొదలవ్వదు. రాత్రి తొమ్మిదింటికి, అందరూ నెట్ మీద ఉన్నప్పుడు మనిషి చూసి పెట్టిందే నయం. 5 గిగాహెర్ట్జ్‌కు మారిపొమ్మనే సలహాను మాత్రం నేను కాదనను, టీవీనీ ల్యాప్‌టాప్‌నూ అటే పంపాలి. అయితే గోడలు దాటేసరికి ఆ సిగ్నల్ బలం త్వరగా తగ్గుతుంది. చౌక సీసీ కెమెరాలు, స్మార్ట్ బల్బులు చాలావాటికి 2.4 తప్ప గతి లేదు. వాటి కోసం 1, 6, 11లో ఒకటి ఎంచి, వెడల్పును 20 దగ్గరే ఉంచాలి. 40 పెడితే ఆ బ్యాండులో సగం ఒక్క ఇంటికే పోతుంది.