విననిచ్చారు సరే, చెప్పింది ఎవరికి? – ఉచిత ఆన్‌లైన్ పాఠాలపై ఒక చర్చ

చదువు ఇప్పుడు అందరిదీ అయిపోయిందన్న మాట ఈ మధ్య చాలామంది నోట వింటున్నాం. చేతిలో ఫోనుంటే చాలు, ఐఐటీ ప్రొఫెసర్ పాఠం ఇంటికే వస్తుందట. అమెరికా యూనివర్సిటీ పుస్తకం పైసా ఖర్చు లేకుండా దొరుకుతుందట. అట్లాంటప్పుడు రిజర్వేషన్లెందుకు, స్కాలర్‌షిప్పులెందుకు, హాస్టళ్ళెందుకు అని అడిగేదాకా వచ్చింది వ్యవహారం. ఈ మాట అనేవాళ్ళలో అగ్రకుల మేధావులే కాదు, చదువుకుని ఉద్యోగాలు చేస్తున్న మనవాళ్ళూ ఉన్నారు. అందుకే దీన్ని చర్చకు పెట్టాల్సిన అవసరం ఉందని భావిస్తున్నాం.

ఉచిత పాఠాలు వద్దనడం మా ఉద్దేశం కాదు. అక్షరం కోసం మన పెద్దలు పడ్డ తిప్పలు తెలిసినవాళ్ళెవరూ దొరికిన పాఠాన్ని కాలదన్నుకోరు. వేదం విన్న శూద్రుడి చెవుల్లో కరిగించిన తగరం, లక్క పొయ్యమని గౌతమ ధర్మసూత్రం చెప్పింది. శూద్రుడికే ఆ శిక్షయితే, ఊరవతలివాడికి వినేంత దూరంలో నిలబడే హక్కు కూడా లేదన్నమాటే గదా. సతారా బడిలో చిన్నారి అంబేద్కర్ ఇంటి నుంచి గోనెపట్టా తీసుకుపోయి విడిగా కూర్చోవాల్సి వచ్చింది. హైదరాబాదులో భాగ్యరెడ్డి వర్మ 1910 నుంచి ఆది హిందూ బడులు పెట్టింది ఉన్న బడుల్లో మన పిల్లలకు చోటు లేకనే. ఈ చరిత్రను ముందు పెట్టుకుని చూస్తే, ఇవాళ మాదిగవాడలోని ఒక పిల్ల ఎవరి అనుమతీ లేకుండా మద్రాసు ఐఐటీ పాఠం వినగలగడం చిన్న సంగతేం కాదు.

అయితే వినడం వేరు, మనకు చెప్పడం వేరు. ధర తీసేసినంత మాత్రాన పాఠం మన చదువైపోదు. ఎవరిని ఎదురుగా పెట్టుకుని చెప్పారు? అర్థం కాకపోతే ఎవరిని అడగాలి? నేర్చుకున్నదాన్ని ఎవరు గుర్తిస్తారు? ఈ మూడు ప్రశ్నలకు జవాబు దొరికినప్పుడే పాఠం చదువవుతుంది. ఆ మూడింటినీ విడివిడిగా చూద్దాం.

ఎదురుగా ఎవరున్నారు?

అమెరికాలోని ఎంఐటీ 2001లో ఓపెన్‌కోర్స్‌వేర్‌ను ప్రకటించి, తన విద్యార్థులకు చెప్పే పాఠాలను, ఇచ్చే లెక్కలను లోకం ముందు పరిచింది. మన దేశంలో ఏడు ఐఐటీలు, బెంగుళూరు ఐఐఎస్సీ కలిసి 2003 నుంచి ఎన్‌పీటెల్ పేరుతో ఇంజనీరింగు, సైన్సు పాఠాలు తెచ్చాయి. 2017 జులై 9న కేంద్రప్రభుత్వం స్వయం ప్రారంభించింది. అందులో గణితం, న్యాయశాస్త్రం, సమాజశాస్త్రం, వ్యవసాయం అన్నీ ఉన్నాయి. పీజీ వాళ్ళకు ఈ-పీజీ పాఠశాల, పుస్తకాలకు ఖరగ్‌పూర్ ఐఐటీ నడిపే నేషనల్ డిజిటల్ లైబ్రరీ, పరిశోధన గ్రంథాలకు శోధ్‌గంగ ఉన్నాయి. సరుకుకు కొదవ లేదు.

కానీ ఈ పాఠాలను వరసపెట్టి చూస్తే ఒక సంగతి బయటపడుతుంది. మాట్లాడే ప్రొఫెసర్ ముందు కనపడని విద్యార్థి ఒకడు కూర్చుని ఉంటాడు. ఆ విద్యార్థి చిన్నప్పటి నుంచి ఇంగ్లీషు మీడియం. ఎంట్రన్సు కోచింగు చూసి వచ్చినవాడు. 'ఇది మీకు ముందే తెలుసు' అని ప్రొఫెసర్ అంటే అతనికి నిజంగానే తెలుసు. మన పిల్లలు సరిగ్గా ఆ మాట దగ్గరే ఆగిపోతారు. వాళ్ళకు తెలివి లేక కాదు. ఆ 'ముందే' అనేది జరిగిన చోట వాళ్ళు లేరు. వేరేవాళ్ళకు చెబుతున్నదాన్ని చాటు నుంచి వింటున్నట్టే ఉంటుంది వాళ్ళ పరిస్థితి.

దీనికి భిన్నమైన ఉదాహరణ ఖాన్ అకాడమీ. దాన్ని 2008లో సంస్థగా పెట్టిన సల్మాన్ ఖాన్, అంతకు ముందు దూరాన ఉన్న తన చుట్టాలమ్మాయికి లెక్కలు చెప్పేవాడు. ఆ పిల్ల ఎక్కడ ఆగిందో ఆయనకు తెలుసు. ఆ పాఠాలు సులువుగా ఉండడానికి సాంకేతికత కన్నా ఇదే అసలు కారణమని మేం అనుకుంటున్నాం. ఎదురుగా ఒక మనిషి ఉన్నాడు, ఆ మనిషి తిరిగి ప్రశ్న అడిగాడు. మన వాడ పిల్లను అట్లా ఎదురుగా కూర్చోబెట్టుకుని తయారు చేసిన పాఠం ఏది?

భాష సంగతీ ఇంతే. కొన్ని ఎన్‌పీటెల్ పాఠాలకు తెలుగు అనువాదాలు వచ్చాయి. మంచిదే. కానీ ఏ తెలుగు? 1968లో తెలుగు అకాడమీ ఏర్పడినప్పటి నుంచి మన శాస్త్రాల తెలుగు సంస్కృతం మీదనే నడుస్తున్నది. డిఫరెన్షియేషన్ కన్నా అవకలనం ఏ రకంగా సులువు? కిరణజన్య సంయోగక్రియ అనే మాటను మన పిల్లలు మంత్రంలాగ బట్టీ పడతారు. 'ఆకు ఎండను పట్టుకుని తిండి చేసుకుంటది' అని చెబితే వాళ్ళ అవ్వకు కూడా అర్థమవుతుంది. ఇంగ్లీషు గోడ తీసి సంస్కృతం గోడ కట్టడాన్ని అనువాదం అనలేం.

అర్థం కాకపోతే ఎవరిని అడగాలి?

ఇబ్రహీంపట్నం సాగర్ రోడ్డు మీద పోతుంటే మంగళ్‌పల్లి, షేరిగూడ, ఖానాపూర్ పొడుగునా ఇంజనీరింగు కాలేజీలే. పక్కన ఆదిబట్లలో టీసీఎస్ క్యాంపస్, విమాన విడిభాగాల ఫ్యాక్టరీలు. ఈ కాలేజీల్లో మన పిల్లలు ఫీజు రీయింబర్స్‌మెంట్ మీద చదువుతున్నారు. వాళ్ళలో చాలామంది ఇంట్లో మొదటి డిగ్రీ వాళ్ళదే. అయ్య భవన నిర్మాణం పనికో, హమాలీ పనికో పోతాడు. అవ్వ కూలికి పోతది. కాలేజీ నుంచి వచ్చినాక పాఠంలో అనుమానమొస్తే ఇంట్లో అడగడానికి ఎవరూ లేరు. ఇది ఫోను తీర్చే కొరత కాదు.

ఫోను సంగతి కూడా చూద్దాం. 2017-18 జాతీయ శాంపుల్ సర్వేలో దేశంలోని గ్రామీణ కుటుంబాల్లో కంప్యూటర్ ఉన్నవి 4.4 శాతం, ఇంటర్నెట్ సౌకర్యం ఉన్నవి 14.9 శాతమే. ఆ తర్వాత ఫోన్లు పెరిగాయి, నిజమే. కానీ ఇంటికొక్క ఫోను ఉన్నచోట అది ముందు అయ్య చేతికి, తర్వాత అన్న చేతికి పోతుంది. ఆడపిల్లకు దొరికేసరికి రాత్రవుతుంది, లేదా డేటా అయిపోతుంది. ఒక్కగదిల ఇంట్లో టీవీ నడుస్తుంటే, పసిపిల్ల ఏడుస్తుంటే గంట పాఠం వినడం ఎట్లా?

కరోనా కాలంలో తెలంగాణ ప్రభుత్వం 2020 సెప్టెంబర్ 1 నుంచి దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ చానళ్ళ మీద బడి పాఠాలు మొదలుపెట్టింది. అదే ఏడాది నవంబర్‌లో మన రంగారెడ్డి జిల్లా షాద్‌నగర్ నుంచి ఢిల్లీలోని పేరున్న కాలేజీకి గణితం చదవడానికి పోయిన ఒక మెకానిక్ బిడ్డ ఆత్మహత్య చేసుకుంది. ఆన్‌లైన్ క్లాసులకు ల్యాప్‌టాప్ లేకపోవడం, స్కాలర్‌షిప్ డబ్బులు సమయానికి చేతికి రాకపోవడం అప్పట్లో దేశమంతా చర్చకొచ్చాయి. పాఠం ఉచితమే. అది అందుకునే దారి మాత్రం ఉచితం కాదు.

ఎవరు గుర్తిస్తారు?

స్వయంలో పాఠం వినడం ఉచితం. పరీక్ష రాసి సర్టిఫికెట్ తెచ్చుకోవాలంటే ఫీజు కట్టాలి. ఏకలవ్యుడి కథ మనకు కొత్త కాదు. బొమ్మ ముందు ఎంత నేర్చుకున్నా ద్రోణుడికి అభ్యంతరం రాలేదు. నేర్చుకున్నది గుర్తించాల్సి వచ్చినప్పుడే వేలు అడిగాడు.

అంతకన్నా పెద్ద ప్రమాదం ఇంకోటి ఉంది. ఒక సెమిస్టర్‌లో నడిపే కోర్సుల్లో 20 శాతం దాకా స్వయం ద్వారా పూర్తి చేయవచ్చని యూజీసీ 2016లో నిబంధన తెచ్చింది. 2021లో దాన్ని 40 శాతానికి పెంచింది. దీన్ని విద్యార్థికి ఇచ్చిన స్వేచ్ఛ అని చెబుతున్నారు. ఖాళీ పోస్టులు నింపని యూనివర్సిటీలో దీని అర్థం వేరు. వీడియో ఉంది గదా, మళ్ళీ లెక్చరర్ ఎందుకు అనే వాదనకు ఇది తలుపు తెరుస్తుంది. పోస్టు లేకపోతే పోస్టులో రిజర్వేషనూ లేదు. ఎన్‌పీటెల్‌లో పాఠం చెప్పేది ప్రధానంగా ఐఐటీల అధ్యాపకులు. ఆ ఐఐటీల అధ్యాపకుల్లో ఎస్సీ, ఎస్టీలు ఎంత తక్కువో పార్లమెంటులో ఎన్నోసార్లు ప్రస్తావనకొచ్చింది. జిల్లా కాలేజీలో దళిత లెక్చరర్ నిలబడాల్సిన చోట ఐఐటీ వీడియో నిలబడితే, మన పిల్లలు పాఠం పొందుతారేమో గానీ, తమలాంటి మనిషిని బోర్డు ముందు చూసే అవకాశం పోగొట్టుకుంటారు. డబ్బున్నవాళ్ళ పిల్లలకు మాత్రం మనుషులే పాఠం చెబుతారు. వాళ్ళకు వీడియో అదనం. మనకు అదే మొత్తం.

పాఠంలో మనమెక్కడ?

ఇన్ని సబ్జెక్టుల్లో మన పనికి, మన తెలివికి చోటు ఎంత? ఇబ్రహీంపట్నం పెద్దచెరువు కుతుబ్‌షాహీల నాటిది. చెరువు తూము ఎప్పుడు ఎత్తాలి, ఏ మడికి ఎంత నీరు వదలాలి అన్నది తరతరాలుగా నీరటివాళ్ళు చూశారు. ఆ పని చేసినవాళ్ళు చాలా ఊళ్ళల్లో దళితులే. అదే చెరువు పక్కన కాలేజీలో సివిల్ ఇంజనీరింగు చదివే నీరటి మనుమడు నీటి ప్రవాహం గురించి గంటల కొద్దీ వీడియోలు చూస్తాడు. తాత పనికీ ఆ సూత్రానికీ సంబంధం ఉందని అతనికి ఎవరూ చెప్పరు. తంగేడు చెక్కతో, సున్నంతో తోలును ఊనిన మాదిగల పని రసాయనశాస్త్రమని ఏ పాఠం చెబుతుంది? తన ఇంటి తెలివి తెలివే కాదనుకున్న పిల్లకు ఎన్ని వేల పాఠాలు తెరిచిపెట్టినా అవి పరాయి పాఠాలుగానే ఉంటాయి.

మరి ఏం చేద్దాం?

మనకు ముందు ఉదాహరణలు లేకపోలేదు. 1982లో ఏర్పడి, 1991 నుంచి అంబేద్కర్ పేరుతో నడుస్తున్న సార్వత్రిక విశ్వవిద్యాలయం, బడి మెట్టెక్కనివాళ్ళకు కూడా అర్హత పరీక్షతో డిగ్రీ దారి తెరిచింది. తెలుగులో అచ్చు పుస్తకం ఇచ్చింది, స్టడీ సెంటర్ పెట్టింది, సెలవురోజు క్లాసులో ఎదురుగా ఒక లెక్చరర్‌ను నిలబెట్టింది. ఆ డిగ్రీని రెండోరకంగా చూసే దురభిమానం సమాజంలో ఉంది. అయినా కూలి చేసుకుంటూ, అటెండరు పని చేసుకుంటూ ఎంతోమంది మనవాళ్ళు ఆ దారినే పైకొచ్చారు. సాంకేతికత పెరిగినాక ఆ పద్ధతి ఇంకా బలపడాల్సింది. ఎదురుగా ఉన్న మనిషిని తీసేసి వీడియోనే మిగిల్చేస్తామంటే ఒప్పుకోకూడదు.

అంబేద్కర్ రచనలే చూడండి. 1936లో 'కులనిర్మూలన'ను ఆయన సొంత ఖర్చుతో అచ్చేసుకున్నాడు. మహారాష్ట్ర ప్రభుత్వం 1979 నుంచి తెచ్చిన ఆయన సంపుటాలు ఇవాళ ఎవరైనా ఉచితంగా దింపుకోవచ్చు. కానీ అవి మన చదువైంది హాస్టల్ గదుల్లో, సంఘాల్లో పదిమంది కూర్చుని ఒకరు చదువుతుంటే మిగతావాళ్ళు అడ్డం తగిలి ప్రశ్నలేసినప్పుడే.

కాబట్టి మన డిమాండ్లు స్పష్టంగా ఉండాలి. పరీక్ష ఫీజు ఎస్సీ, ఎస్టీ విద్యార్థులకు పూర్తిగా ఎత్తెయ్యాలి. ఆన్‌లైన్ కోర్సుల పేరు చెప్పి ఒక్క అధ్యాపక పోస్టు కూడా తగ్గించొద్దు. పాఠాలు తయారుచేసే కమిటీల్లో, చెప్పేవాళ్ళలో రిజర్వేషన్ పాటించాలి. పాఠం జనం మాట్లాడే తెలుగులో ఉండాలి. టీ-శాట్ తెలుగులో చెబుతున్నది గనుక అక్కడి నుంచే మొదలుపెట్టొచ్చు.

ప్రభుత్వం చేసేదాకా ఆగాల్సిన పని లేనిదీ ఒకటుంది. మన వాడల్లో అంబేద్కర్ భవనాలున్నాయి. చాలాచోట్ల అవి జయంతికి తెరిచి, వర్ధంతికి తెరిచి, మిగతా దినాలు తాళం వేసి ఉంటున్నాయి. అక్కడ ఒక తెర, డిగ్రీ చదివి ఖాళీగా ఉన్న మన అక్కో అన్నో ఒకరు, వాళ్ళకు గౌరవంగా బతకగలిగినంత జీతం. సాయంత్రం పిల్లలు కలిసి పాఠం పెట్టుకోవాలి. 'మీకు ముందే తెలుసు' అని ప్రొఫెసర్ అన్నచోట వీడియో ఆపి, ఆ ముందుదేందో చెప్పుకుని, తర్వాత ముందుకు పోవాలి.