ముగ్గు పెంపు – అవధి విచారము

సూళగిరి వీధులలో ధనుర్మాసపు వేకువను తెలుగువారు ముగ్గనియు, తమిళులు కోలమనియు, కన్నడిగులు రంగోలి యనియు పిలుచు గీతలు వాకిళ్ల నలంకరించును. చుక్కల చుట్టును మెలికగీత త్రిప్పి, ఒకే తీరును వరుస వెంట వరుసగా పెంచుట మువ్వురికిని సమానమే. ఇట్టి పెంపును వ్యాకరణసూత్రములవలె వ్రాయవచ్చునని గిఫ్ట్ శిరోమణి, రాణీ శిరోమణి, కమలా కృతివాసన్ గారలు 1974లో ప్రకటించిన వ్యాసమున చూపిరి. వాకిటి కళకు గణితశాస్త్రమున పీట వేసిన కృషి యది. అయినను ఒక ప్రశ్న మిగిలినది: సూత్రమును అంతులేక ప్రయోగించినచో ముగ్గు ఒక రూపమున నిలుచునా?

ఆగమము మిత్రుని వంటిది, ఆదేశము శత్రువు వంటిది అని వైయాకరణులు చెప్పుదురు. ఒకటి ప్రక్కన వచ్చి చేరును, మరొకటి ఉన్నదానిని త్రోసి కూర్చుండును. పునర్లేఖన శాస్త్రమున సర్వము ఆదేశమే. ‘అ’కు ‘గఅ’ ఆదేశమైనచో గఅ, గగఅ, గగగఅ అని సాగును. ‘అ’కు ‘అగ’ ఆదేశమైనచో అగ, అగగ, అగగగ అగును. మొదటి పది అక్షరములు కలిసిన రెండు పదముల దూరము 1/1024కు మించదని లెక్కించినచో, రెండు వరుసలును తమ తమ అవధులను సమీపించుచునే యున్నవి. భేదమెచ్చట? మొదటి సూత్రమున మార్పు కుడికి జరుగుచు దూరమగును. రెండవదానిలో ప్రతి మెట్టునను మొదటి ‘అ’నే చెరిపి మరల వ్రాయవలెను. చూచువానికి అది కదలినట్లే తోచదు.

డెర్షోవిట్జ్, కాప్లన్, ప్లెయిస్టెడ్ గారలు 1991లో దూరము తగ్గుటనే ప్రమాణముగా గైకొనిరి. కెన్నవే, క్లోప్, స్లీప్, డి వ్రీస్ గారలు 1995లో అంతకు మించి, మార్పు జరుగు చోటుకూడ లోలోతునకు పోవలెనని కోరిరి. ఇది అనవసరపు కఠినత యని కొందరికి తోచవచ్చును. ముగ్గు వేయువారికి మాత్రము తోచదు. నేల జారిన పిండిని ఎత్తి మరల అచ్చటనే వేయుచు కూర్చున్నచో తెల్లవారునే గాని ముగ్గు సాగదు.

మొదటి అక్షరమునకు బదులు నడిమి చుక్కను తలచి చూడుడు. అయిదు చుక్కల ముగ్గును ఏడు చుక్కలకు పెంచునపుడు అంచుమలుపులను విప్పి క్రొత్త వరుసతో కలుపవలసి యుండును. ఇదియు ఆదేశమే, కాని విప్పిన అంచు మరల విప్పబడదు. తరువాతి మార్పు ఇంకను వెలుపల జరుగును. కనుక 1995 నాటి ప్రమాణమునకు ఇట్టి ముగ్గు నిలుచును. పెంచిన ప్రతిసారియు నడిమి మెలికనే మార్చవలసిన తీరైనచో నిలువదు. 1974 నాటి సూత్రములు ఏ ముగ్గులు పుట్టునో చెప్పుటకు ఉద్దేశింపబడినవి; మార్పు ఎచ్చట జరుగునో విచారించు సాధనములు పిమ్మట వచ్చినవి. ఆ లోపమును వారిపై మోపుట న్యాయము గాదు. కాని నేడు సూత్రమొక్కటి దొరికిన చాలును, అంతులేని ముగ్గు దొరికినదని సంతసించువారు, ఆ సూత్రము నడిమి చుక్కను ఎన్నిమారులు తాకుచున్నదో మొదట లెక్కింపవలెను.