మోటారు సైకిలుకు దారి చూపే పరికరం: ఎంపికకు గీటురాయి ఏది?

మోటారు సైకిలు కొనేవారు వెనుకటి రోజులలో అద్దాలు, సీటు కవరు, లెగ్ గార్డు మాత్రమే అదనంగా అడిగేవారు. ఇప్పుడు హేండిలుపై బిగించుకొనడానికి దారి చూపే జి.పి.ఎస్. పరికరాన్ని కూడ అడుగుతున్నారు. ఏది మంచిదని అడిగితే ప్రకటనలు సాధారణంగా మూడు గుణాలను పొగడుతాయి: ఇన్ని రకాల ఉపగ్రహాలను అందుకొంటుంది, తెర ఇంత పెద్దది, సదుపాయాలు ఇన్ని ఉన్నవి. ఈ మూడూ అబద్ధాలు కావు. అయితే వీటిలో ఏదీ ఎంపికకు అసలైన గీటురాయి కాదని ఈ వ్యాసంలో చూపదలచాము. పరికరం దారి చూపుతుందా అని అందరూ అడుగుతారు. దారి చూపుతూనే మన చూపును దారి మీద ఉండనిస్తుందా అని అడిగేవారు తక్కువ.

ఇది వేడుకకు అడిగే ప్రశ్న కాదు. 2022లో మన దేశపు రహదారులపై 1,68,491 మంది మరణించారని కేంద్ర రవాణా శాఖ లెక్క తేల్చింది. వారిలో నూటికి సుమారు 44 మంది ద్విచక్ర వాహనాలపై ప్రయాణిస్తున్నవారే. అటువంటి వాహనంపై మరొక తెరను అమర్చే ముందు, అది మనకు చేసే మేలెంత, కీడెంత అని తూచి చూడవలెను.

ఉపగ్రహాల పాత్ర

జి.పి.ఎస్. అమెరికా ప్రభుత్వం నడిపే ఏర్పాటు. దాని మొదటి ఉపగ్రహాన్ని 1978లో ప్రయోగించారు. 1995 నాటికి 24 ఉపగ్రహాలతో ఏర్పాటు పూర్తి అయినది. ఇవి భూమికి సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున ఉండి, దాదాపు 12 గంటలకొకసారి భూమిని చుట్టివస్తున్నవి. ప్రతి ఉపగ్రహంలోను పరమాణు గడియారాలు ఉన్నవి. “నేను ఫలానా చోట ఉన్నాను, ఇప్పుడు సమయం ఇంత” అని ప్రతి ఉపగ్రహమూ రేడియో తరంగాల ద్వారా దండోరా వేస్తూ ఉంటుంది. మన చేతిలోని పరికరం ఆ దండోరాను వింటుందే గాని ఉపగ్రహానికి తిరిగి ఏమీ పంపదు.

తరంగం బయలుదేరిన వేళకు, అందిన వేళకు గల తేడాను కాంతి వేగంతో గుణిస్తే ఉపగ్రహం ఎంత దూరంలో ఉన్నదో తెలుస్తుంది. కాంతి సెకనుకు దాదాపు 3 లక్షల కిలోమీటర్లు పోతుంది కనుక, కాలంలో సెకనులో పదిలక్షలవ వంతు తప్పు దొర్లితే దూరంలో 300 మీటర్ల తప్పు వస్తుంది. మన పరికరంలోని గడియారం ఉపగ్రహంలోని గడియారమంత నిక్కచ్చి అయినది కాదు. అందుచేత అక్షాంశం, రేఖాంశం, ఎత్తు అనే మూడు అజ్ఞాత రాశులకు తోడు, గడియారపు తప్పు నాలుగవ అజ్ఞాత రాశి అవుతుంది. నాలుగు అజ్ఞాత రాశులకు నాలుగు సమీకరణాలు కావలెను. కాబట్టి కనీసం నాలుగు ఉపగ్రహాలు కావలసి ఉంటుంది. బీజగణితం నేర్చుకొన్న విద్యార్థులకు ఇది సులభంగానే బోధపడుతుంది.

ప్రజలకు అందే సంకేతాన్ని అమెరికా 2000 మే నెల వరకు కావాలనే కొంత చెరచి పంపేది. ఆ ఆటంకం తొలగిన తరువాత తప్పు కొద్ది మీటర్లకు తగ్గినది. ఈనాడు సామాన్యమైన ఫోను సైతం ఆకాశం విశాలంగా కనిపించే చోట సుమారు 5 మీటర్లలోపు తేడాతో స్థానాన్ని చెప్పగలదు. రష్యావారి గ్లోనాస్, ఐరోపావారి గెలీలియో, చైనావారి బైడూ, మన నావిక్ వంటి ఏర్పాట్ల సంకేతాలను కూడ అందుకోగలిగితే ఎత్తయిన భవనాల నడుమ, లోయలలో కొంత మేలు కలుగుతుంది. కాని విశాలమైన రోడ్డు మీద ఖరీదైన పరికరానికి, జేబులోని ఫోనుకు ఈ విషయంలో చెప్పుకోదగిన అంతరం కనిపించదు. తరువాతి మలుపు చెప్పడానికి 5 మీటర్ల తేడా అడ్డు రాదు. కనుక ప్రకటనలోని మొదటి గుణం నిజమే అయినా, ఎంపికకు ఆధారం కాదు.

రెండు సెకన్ల లెక్క

కేంద్ర మోటారు వాహనాల నిబంధనలలో 2020లో చేసిన సవరణ ప్రకారం, వాహనం నడిపేటప్పుడు చేతి ఫోను వంటి పరికరాలను దారి తెలుసుకొనడానికి మాత్రమే వాడవచ్చును. అదైనా నడిపేవారి ఏకాగ్రతకు భంగం కలగని రీతిలో ఉండవలెను. మన గీటురాయి ఈ రెండవ మాటలోనే ఉన్నది.

ఏకాగ్రతను కొలవడమెట్లా? అమెరికా రహదారి భద్రతా సంస్థ 2013లో కార్లలోని తెరలను గురించి కొన్ని సూచనలు చేసింది. వాటి ప్రకారం ఒక్కసారి చూసే చూపు 2 సెకన్లు దాటరాదు. ఒక పనికి వెచ్చించే చూపులన్నీ కలిసి 12 సెకన్లు మించరాదు. ఇప్పుడు లెక్క వేద్దాము. గంటకు 60 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు దాదాపు 17 మీటర్లు. 2 సెకన్లలో బండి 33 మీటర్లు పోతుంది. ఆ 33 మీటర్లూ మనం కళ్ళు మూసుకొని పోయినట్లే. పైగా ఈ హద్దు నాలుగు చక్రాల కారును ఉద్దేశించి పెట్టినది. కారు గోతిలో పడితే చక్రం దెబ్బతినవచ్చును. మోటారు సైకిలు గోతిలో పడితే మనిషే పడతాడు. అందుచేత మోటారు సైకిలుకు ఒక సెకను హద్దుగా పెట్టుకొనడం న్యాయమని మా అభిప్రాయం.

ఇందులో కంటి ధర్మం కూడ ఒకటి ఉన్నది. దూరాన ఉన్న రోడ్డును చూస్తున్న కన్ను హేండిలు మీది తెరను చూడవలెనంటే కటకం తన వక్రతను మార్చుకోవలెను. పడుచువారికి ఇది చప్పున జరుగుతుంది. నలభై దాటి చత్వారం వచ్చినవారికి దగ్గరి అక్షరాలు స్పష్టపడడమే కష్టం. చెవికి ఈ బాధ లేదు. “300 మీటర్ల తరువాత ఎడమకు తిరగండి” అనే మాట వినడానికి కన్ను రోడ్డు విడిచి రానక్కరలేదు.

మూడు రకాల పరికరాలు

ఈ గీటురాయి మీద ఇప్పుడున్న పరికరాలను గీచి చూద్దాము. మొదటిది మోటారు సైకిళ్ళ కోసమే తయారైన ప్రత్యేక పరికరం. గార్మిన్ వారి జూమో, టామ్‌టామ్ వారి రైడర్ ఈ తెగలో పేరు పొందినవి. 2006లో వచ్చిన జూమో 550 తెర మూడున్నర అంగుళాలే. అయితే దాని ఎడమ పక్కన చేతి తొడుగుతోనే నొక్కదగిన బొత్తాలు ఉండేవి. కుడి చేయి ఎప్పుడూ యాక్సిలరేటరు మీదనే ఉండవలెనన్న ఎరుక ఆ రూపకల్పనలో కనిపిస్తుంది. 2020లో వచ్చిన జూమో ఎక్స్‌టి తెర ఐదున్నర అంగుళాలు; 2023 నాటి ఎక్స్‌టి 2 తెర ఆరు అంగుళాలు. తొడుగుతో తాకినా పనిచేస్తుందన్నది నిజమే. కాని బొత్తామును వేలు తడిమి గుర్తుపడుతుంది. నున్నని గాజు తెర మీద ఏది ఎక్కడ ఉన్నదో కన్నే చూసి చెప్పవలెను. తెర పెరిగినది గాని, కంటికి పని తగ్గలేదు.

రెండవది బాణం గుర్తు మాత్రమే చూపే చిన్న తెర. బీలైన్ వారి గుండ్రని పరికరం, రాయల్ ఎన్‌ఫీల్డు వారు 2020లో మీటియర్ బండితో ఇచ్చిన ట్రిప్పర్ ఈ జాతివి. దారి లెక్కంతా జేబులోని ఫోను చేస్తుంది. తెర మీద మలుపు దిక్కు, దూరం మాత్రం కనిపిస్తాయి. పటం లేదని వీటిని చిన్నచూపు చూసినవారున్నారు. మా దృష్టిలో ఆ లేకపోవడమే వీటి గుణం. బాణాన్ని, అంకెను గ్రహించడానికి ఒక సెకను చాలును. అదే కంపెనీ 2023లో కొత్త హిమాలయన్ బండికి నాలుగు అంగుళాల గుండ్రని తెర ఇచ్చి, గూగుల్ పటమంతా అందులో చూపినది. బండి ఆపి చుట్టుపక్కల ఊళ్ళను, దారులను చూసుకొనడానికి ఇది నిస్సందేహంగా మేలు. నడుస్తున్న బండిపై మాత్రం పటం చదువవలసిన వస్తువు, బాణం చూడవలసిన వస్తువు. చదవడానికి పట్టే కాలం చూడడానికి పట్టదు. దీనిని పూర్తిగా పురోగతి అనడానికి మాకు మనసొప్పదు.

మూడవది అందరివద్ద ఉన్న ఫోను. హేండిలుకు బిగిస్తే దానికి మూడు శత్రువులు ఎదురవుతాయి. మొదటిది ఎండ. ఐఫోనును 0 నుండి 35 డిగ్రీల సెంటీగ్రేడు ఉష్ణోగ్రతలో వాడుకొమ్మని తయారుచేసినవారే చెబుతున్నారు. మన వేసవి 40 డిగ్రీలు దాటడం అరుదు కాదు. వేడెక్కిన ఫోను తనను కాపాడుకొనడానికి తెర వెలుగును తగ్గించుకొంటుంది; మనకు ఎక్కువ వెలుగు కావలసిన వేళ సరిగా అదే. రెండవది అదురు. ఒకే సిలిండరు గల ఇంజను నిమిషానికి 3000 చుట్లు తిరిగితే సెకనుకు 50 సార్లు అదురు పుడుతుంది. శక్తిమంతమైన మోటారు సైకిలు ఇంజను అదురు వల్ల ఫోను కెమెరాలోని సున్నితమైన భాగాలు చెడవచ్చునని యాపిల్ కంపెనీ 2021లో స్వయంగా హెచ్చరించింది. మూడవది వాన. తెర మన వేలి స్పర్శను విద్యుత్ ధారకతలో మార్పుగా గుర్తిస్తుంది. వానచినుకు కూడ అటువంటి మార్పు కలిగించగలదు కనుక తెర తికమక పడుతుంది. అదే ఫోను జేబులో ఉండి చెవికి మాట చెబితే ఈ మూడు బాధలూ చాలావరకు తప్పుతాయి. గూగుల్ మ్యాప్స్ తెలుగులోనూ దారి చెబుతుంది. శబ్దం మాత్రం వెనుక వచ్చే లారీ హారను వినిపించేటంత మెల్లగా ఉండవలెను.

పటానికి బండి తెలుసునా?

గీటురాయిపై నిలిచిన పరికరానికి మరి రెండు పరీక్షలు పెట్టవలెను. హైదరాబాదు చుట్టూ ఉన్న 158 కిలోమీటర్ల ఔటర్ రింగు రోడ్డు ప్రధాన మార్గం మీదికి ద్విచక్ర వాహనాలను రానివ్వరు. మెహదీపట్నం నుండి ఆరాంఘర్ పోయే పి.వి. నరసింహారావు ఎక్స్‌ప్రెస్ వే మీదికీ రానివ్వరు. గచ్చిబౌలి నుండి శంషాబాదుకు దారి అడిగితే మోటారు సైకిలును రింగు రోడ్డు ఎక్కించే పరికరం, కారును మనసులో పెట్టుకొని చెబుతున్నదన్నమాట. గూగుల్ మ్యాప్స్ 2017లో మన దేశంలో ద్విచక్ర వాహనాలకు ప్రత్యేక పద్ధతిని ప్రవేశపెట్టినది. కొనేవారు ఈ ఏర్పాటు ఉన్నదా అని అడిగి, ఇటువంటి దారి ఒకటి వెదికి చూడవలెను.

రెండవ పరీక్ష అడవిలో. హైదరాబాదు నుండి శ్రీశైలం పోయే దారి మన్ననూరు దాటిన తరువాత నల్లమలలో ప్రవేశిస్తుంది. అక్కడ చాలాచోట్ల ఫోను సంకేతం అందదు. ఉపగ్రహ సంకేతం మాత్రం అందుతూనే ఉంటుంది. ఈ రెంటికీ సంబంధం లేదు. స్థానం తెలిసినా, దానిని చూపే పటం ఫోనులో ముందుగా నిలువ చేసుకొనకపోతే చుక్క ఒకటి ఖాళీ తెర మీద నిలబడుతుంది. ప్రత్యేక పరికరాలలో పటం లోపలే ఉండడం వాటి అసలైన సుగుణం. ఫోను వాడేవారు ఇంటి వద్దనే ఆ ప్రాంతపు పటాన్ని దింపుకొంటే చాలావరకు సమానమైన లాభం కలుగుతుంది.

నీటి రక్షణ గురించి ఒక మాట. ఐ.పి.ఎక్స్. 7 అనే ముద్రకు అర్థం, ఒక మీటరు లోతు నిలిచిన నీటిలో అరగంట ఉంచినా చెడదని. వేగంగా పోయే బండికి వాన ధారగా తగులుతుంది. ధారల పరీక్షకు 5, 6 అంకెలు వేరుగా ఉన్నవి. 7 ఉన్నంత మాత్రాన అవి ఉన్నట్లు కాదు.

మా నిర్ణయం

బడికి, కచేరికి, పొరుగూరికి పోయివచ్చేవారికి ప్రత్యేక పరికరం అక్కరలేదు. జేబులో ఫోను, చెవికి మాట, ముందుగా దింపుకొన్న పటం చాలును. తరచుగా కొత్త దారులలో పోయేవారికి బాణం చూపే చిన్న తెర మేలు. రోజుల తరబడి దూర ప్రయాణాలు చేసేవారు ప్రత్యేక పరికరం కొనవచ్చును. వారు తెర కొలత కంటె ముందు, ఎడమ చేతితో చూడకుండా నడపగలమా అన్నది పరీక్షించవలెను.

ఉపాధ్యాయులు ఒక మధ్యాహ్నం బడి ఆవరణలో ఈ ప్రయోగం చేయించవచ్చును. ఇంజను ఆపి, స్టాండు వేసిన మోటారు సైకిలుపై ఒకరు కూర్చుని ఎదుట దూరాన ఉన్న చెట్టును చూస్తూ ఉండవలెను. సైగ చేయగానే హేండిలు మీది తెరను చూసి, తరువాతి మలుపు ఎటో, ఎంత దూరమో చెప్పి, తిరిగి చెట్టును చూడవలెను. మరొకరు కాలాన్ని కొలవవలెను. పటంతో ఒకసారి, బాణంతో ఒకసారి, మాటతో ఒకసారి కొలిచి, ఆ సెకన్లను 17తో గుణించి మీటర్లుగా పలక మీద వ్రాయించవలెను. అన్ని మీటర్లు కళ్ళు మూసుకొని పోవడానికి సిద్ధమేనా అని అప్పుడు అడిగితే, ఏ పరికరం కొనవలెనో పిల్లలే తల్లిదండ్రులకు చెబుతారు.