ఎడమచేతి పని

కత్తితో గడ్డం గీసుకోవడం నేర్చుకోవాలనుకునే వాళ్లంతా ముందు కుడిచేతి గురించే అడుగుతారు. పిడి ఎలా పట్టాలి, ఎంత వాలుగా పెట్టాలి, ఎటు లాగాలి అని. బెజవాడ కృష్ణలంకలో నాకీ పని నేర్పుతున్న పెద్దాయన మొదటి పాఠంలో అసలు కత్తే తెరవలేదు. "ముందు చర్మం బిగబట్టడం నేర్చుకోండి బాబూ. పట్టు కుదిరితే కత్తి దానంతటదే నడుస్తుంది" అన్నారు. నురగతో జారిపోతున్న చెంపను చెవి ముందు మూడు వేళ్లతో ఒత్తి, పైకి లాగి, అలాగే నిలబెట్టడం ఎంత కష్టమో చేసి చూస్తేగానీ తెలియదు. వేళ్లు జారకుండా ఉండాలంటే అక్కడ చర్మం పొడిగా ఉండాలి. అందుకే ఆయన నురగ పూసేటప్పుడే చెవి పక్కన వేలెడు జాగా వదిలేస్తారు. చర్మం వదులైతే కత్తి ముందు సన్నటి మడత లేస్తుంది. అంచు ఆ మడతలోకి దిగుతుంది. కొత్తవాళ్ల గాట్లలో చాలాభాగం ఇలా పడేవే.

కింగ్ జిల్లెట్ 1904లో అమెరికాలో పేటెంటు పొందిన సేఫ్టీ రేజరులో బ్లేడు ముఖానికి ఎంత వాలులో తగలాలో తయారీలోనే తేల్చేశారు. చేయి కాస్త అటూ ఇటూ అయినా ఆ రేజరు తల కొంత కాచుకుంటుంది. మడతకత్తిలో ఆ కాపుదల లేదు. వెన్ను మందం, రెండు పక్కలా తొలిచిన ఉక్కు, చివర కంటికి ఆనని అంచు, అంతే. ఇంగ్లండులో షెఫీల్డు, జర్మనీలో జోలింగెన్ ఈ కత్తులకు పేరుపడ్డ ఊళ్లు. వెన్ను చెంపకు సుమారు ముప్పై డిగ్రీల ఎత్తులో ఉండాలంటారు. కోణమానిని పెట్టుకుని ఎవరూ గీసుకోరు కాబట్టి వెన్నుకూ చర్మానికీ మధ్య వెన్ను మందమంత, మహా అయితే దానికి రెట్టింపు ఎడం ఉంచమన్నారు పెద్దాయన. మరీ పడుకోబెడితే వెంట్రుకను పీకుతుంది, మరీ లేపితే చర్మాన్ని గీకుతుంది. ఇక బరువు. పాల మీద మీగడ తీసేటప్పుడు గరిటెను ఎంత తేలిగ్గా పోనిస్తామో అంతే.

మొదట్లో చెంపలు రెండే. గడ్డం కొన, మూతి, మెడ మామూలు రేజరుకు వదిలేయాలి. ఇది చాలా మంచి పద్ధతి. చెంప చదునుగా ఉంటుంది, వెంట్రుక ఒకే వాలులో కిందికి దిగుతుంది, చేతికి ధైర్యం వస్తుంది. మెడ దగ్గర అలా కాదు. నాకు దవడ కింద కుడివైపు వెంట్రుక కిందికీ, ఎడమవైపు చెవివైపుకీ తిరిగి ఉంటుంది. ఇన్నేళ్లుగా రోజూ గీసుకుంటున్న ముఖంలో ఇలాంటిదొకటి ఉందని నాకు తెలియదు. నీళ్లు పెట్టకముందు వేళ్లతో నిమిరి వాలు కనుక్కోమంటారాయన. మొదటి వరస వాలు వెంటే. మళ్లీ నురగ పూసి రెండోది అడ్డంగా. ఎదురు గీత కొత్తవాళ్లకు వద్దే వద్దు. నునుపు కోసం ఎదురెక్కితే వెంట్రుక చర్మం లోపలే పెరిగి కురుపులు లేస్తాయి.

నీళ్ల మాట కూడా చెప్పాలి, ఎందుకంటే కృష్ణా డెల్టాలో ఇది అన్నిచోట్లా ఒకటి కాదు. బెజవాడలో కృష్ణ నీళ్లతో సబ్బు బాగానే నురుగుతుంది. దివిసీమ వైపు వెళ్తే, నాగాయలంక దాటాక చాలాచోట్ల బోరు నీళ్లు ఉప్పన. సబ్బు ఎంత రుద్దినా తెల్లటి ముద్దలై విరిగిపోతుంది తప్ప మెత్తటి నురగ కట్టదు. నీటిలోని కాల్షియం, మెగ్నీషియం సబ్బును పట్టేసుకోవడమే కారణం. ఆ ఊళ్లలో గడ్డానికి కాలవ నీళ్లో, కాలవతో నింపిన చెరువు నీళ్లో తెచ్చుకుంటే పనవుతుంది. నురగ సరిగా లేకపోతే ఎంత మంచి కత్తయినా మొరాయిస్తుంది. వేడినీళ్ల గుడ్డ ముఖం మీద కాసేపు ఉంచి, కుచ్చుతో గుండ్రంగా తిప్పుతూ నురగ కట్టించే ఆ నాలుగైదు నిమిషాలే సగం గడ్డం.

మిగతా సగం తోలుపట్టా. ఆయన కిటికీ ఊచకు కట్టి, రెండో కొసను ఎడమచేత్తో బిగించి లాగి పట్టుకుంటారు. కత్తి వెన్ను ముందు, అంచు వెనక. అలా జార్చుకుంటూ పోయి, చివరకు చేరాక వెన్ను మీదే బొర్లించి తిరిగి వస్తారు. అంచు మీద తిప్పితే పదును పోతుంది, తోలూ తెగుతుంది. పట్టా వదులైనా అంతే, అంచు గుండ్రమైపోతుంది. సానరాయి మీద దీనికి సరిగ్గా ఎదురు: అక్కడ అంచు ముందు, వెన్ను వెనక, రెండూ రాయికి ఆని ఉండాలి. పట్టా రోజూ, రాయి ఎన్ని నెలలకో ఒకసారి. రాయి పట్టేటప్పుడు ఆయన మాట్లాడరు. చప్పుడు వింటారు. అంచు రాయికి మొదటినుంచి చివరిదాకా సమంగా తగిలితే ఒకే రకం చప్పుడు వస్తుందట. నాకింకా ఆ తేడా తెలియడం లేదు, ఆయన చెయ్యి ఆపినప్పుడు మాత్రమే ఏదో మారిందని గ్రహిస్తున్నాను. వానాకాలం గాలిలో ఈ ఉక్కు పూటలో తుప్పెక్కుతుంది కాబట్టి గీసుకున్నాక తుడిచి, ఆరబెట్టి, కుట్టుమిషను నూనె చుక్క రాసి మూయాలి.

ఈ విద్య ఎవరిదో చెప్పకుండా దీని గురించి రాయడం నాకిష్టం లేదు. ఇప్పుడు కుర్రాళ్లు వీడియోలు చూసి విదేశీ కత్తులు తెప్పించుకుంటున్నారు. రాజుల గడ్డం అని, పాతకాలపు ఠీవి అని అంటున్నారు. సరదా మంచిదే, నాదీ సరదాగానే మొదలైంది. కానీ షెఫీల్డు చరిత్ర చెప్పగలిగిన మనకు, మన వీధి చివర సెలూన్లో నిలబడ్డ నాయీబ్రాహ్మణుడి చరిత్ర తెలియకపోవడం బాగాలేదు. కృష్ణ మీద 1855లో ఆనకట్ట పూర్తయి కాలవలు పారాక డెల్టా వరి సీమ అయింది. ఊళ్లో ఏడాది పొడుగునా గడ్డాలూ క్రాపులూ చేసినందుకు నాయీబ్రాహ్మణుడికి కూలి కూడా ఆ వడ్లలోంచే వచ్చేది. కుప్పనూర్పిళ్లయ్యాక కళ్లంలో మేర కొలిచేవారు. ఎంత కొలవాలన్నది కొలిచేవాడి చేతిలో ఉండేది. కత్తిపట్టిన చేతులే కురుపులు కోసేవి, వైద్యం చేసేవి. వాళ్లింటి ఆడవాళ్లు పురుళ్లు పోసేవాళ్లు. పెళ్లిలో సన్నాయి, డోలు కూడా వాళ్లవే. ఇన్ని విద్యలున్న ఇంటివాళ్లను ఊరు గుమ్మం బయటే నిలబెట్టింది. వాళ్లను కించపరిచే మాటలు వాడకూడదని 2022 ఆగస్టులో రాష్ట్ర ప్రభుత్వం ఉత్తర్వు ఇవ్వాల్సి వచ్చిందంటే, ఆ అలవాటు ఎంత లోతుగా ఉందో ఊహించుకోవచ్చు. నేను పెద్దాయన్ని గురువుగారూ అని పిలిస్తే మొదట్లో ఆయన చుట్టూ చూసేవారు, ఎవరైనా విన్నారేమోనని.

ఎడమచేతి పని అసలు ఎంత ఉందో చూడాలంటే కల్యాణకట్టకు వెళ్లాలి. ఇంద్రకీలాద్రి కింద అమ్మవారి కల్యాణకట్టలో పుట్టువెంట్రుకలు తీసేటప్పుడు నిలబడి చూశాను. తండ్రి ఒళ్లో ఏడాది నిండని పాప గింజుకుంటోంది, తల నిలవదు. గుండు చేస్తున్నాయన ఎడమ అరచేతిని పాప నుదుటి మీదుగా వేసి, చిటికెన వేలు కంటికి అడ్డం పెట్టారు. తల ఎటు తిరిగితే అరచేయి అటు తిరుగుతోంది, కత్తి దాని వెంట పోతోంది. మాడు మీద ఎముక ఇంకా కలవని మెత్తటి చోటుకు వచ్చేసరికి బొటనవేలితో పక్క చర్మాన్ని లాగి, కత్తిని దాదాపు గాల్లోనే నడిపారు. ఒక్క గాటు లేదు. వెంటనే తర్వాతి తల. 2016 ఆగస్టులో కృష్ణా పుష్కరాలు జరిగిన పన్నెండు రోజులూ ఘాట్ల దగ్గర ఈ పని ఎంత వేగంతో సాగిందో చూసినవాళ్లకు గుర్తుండే ఉంటుంది. ఇంత నేర్పు ఉన్న చేతులు 2018 జూన్‌లో కనీస వేతనం కోసం రాష్ట్రమంతా దేవాలయాల్లో పని ఆపాల్సి వచ్చింది. టికెట్టుకు ఇంతని లెక్కగట్టేటప్పుడు మనం కత్తి ఆడిన సేపును మాత్రమే చూస్తాం. ఆ అరచేతిని లెక్కలోకి తీసుకోం. ఇది అన్యాయమని నా గట్టి అభిప్రాయం.

సెలూన్లలో ఇప్పుడు అసలైన మడతకత్తి దాదాపు కనబడదు. ఒకే కత్తి పది ముఖాల మీద ఆడితే రక్తం ద్వారా హెచ్‌ఐవీ, హెపటైటిస్ బి అంటుకునే ప్రమాదం ఉందన్న సంగతి జనంలోకి వెళ్లాక, బ్లేడును కాగితంతో సహా మధ్యకు విరిచి సగం ముక్క బిగించే కత్తి వచ్చింది. ఒక మనిషికి ఒక ముక్క, తర్వాత పారేయడమే. ఇది కచ్చితంగా జరగాల్సిన మార్పు. మడతకత్తి కొనుక్కున్న వాళ్లకు నేను చెప్పేదీ అదే: అది మీ ఒక్కరిదే, అన్నదమ్ముడికి కూడా ఇవ్వొద్దు. అయితే బ్లేడు వచ్చాక రాయీ పట్టా మూలపడ్డాయి. బిగబట్టే చెయ్యి మిగిలింది, నూరే చెయ్యి పోయింది. పెద్దాయన మనవడు ట్రిమ్మరుతో కుర్రాళ్లకు రకరకాల క్రాపులు చేస్తాడు, మంచి పనివాడు. సానరాయి మాత్రం ఎప్పుడూ పట్టలేదు.

మా పాఠాలు ఇప్పుడు మంగళవారం. ఆ రోజు షాపు సెలవు, ఆ రోజు ఆయన ఎవరి ముఖం మీదా కత్తి పెట్టరు కూడా. అందుకని మంగళవారాలన్నీ రాయికీ పట్టాకే. ఫీజు మాట ఎత్తినప్పుడు ఆయన వద్దన్నారు. సంగీతం మాస్టారికి నెలనెలా ఇస్తాం, డ్రైవింగు నేర్పేవాళ్లకు ముందే కడతాం, దీనికి ఎందుకు వద్దో నాకు అర్థం కాలేదు. నేను పట్టుబట్టాను, చివరికి ఆయనే ఒక అంకె చెప్పారు. పోయిన వారం మనవడు కూడా వచ్చి కూర్చున్నాడు. సొంత కత్తులు కొనుక్కున్న కుర్రాళ్లు కొందరు నూరి ఇమ్మని షాపుకు తెస్తున్నారట, వాడికి రాక తాతకు పంపుతున్నాడు. కత్తికి ఇంతని తీసుకుంటే బాగా గిట్టుబాటవుతుందని లెక్క కూడా వేసుకున్నాడు. నా రాయి మీద నేనూ, తాత రాయి మీద వాడూ, వచ్చే మంగళవారం నుంచి ఇద్దరికీ ఒకే పాఠం.