నవల తెరకెక్కు దారి

కథ వ్రాయ నేర్చిన ప్రతి యువకునకును, యువతికిని నేడొక కోరిక పుట్టుచున్నది. తాను వ్రాసిన నవల అచ్చు కావలెనన్నది పాత కోరిక. అది చలనచిత్రము కావలెనన్నది కొత్త కోరిక. మన సాహిత్య సభలకు చేతివ్రాత ప్రతులు పట్టుకొని వచ్చువారిలో పలువురు, “ఇది బాగున్నదా?” అని యడుగుటకు ముందే, “ఇది సినిమాకు పనికివచ్చునా?” అని యడుగుచున్నారు.

ఈ కోరికను ఎగతాళి చేయుట పెద్దలకు తగదు. బళ్ళారిలో కన్నడమును, మధురలో తమిళమును, బరంపురములో ఒడియాను, షోలాపురములో మరాఠీని బడిలో చదువుకొన్న మన మనుమలలో పెక్కుమందికి తెలుగు మాట చెవికి తెలియును గాని, తెలుగక్షరము కంటికి తెలియదు. అట్టి వారికి తెలుగు కథ చేరవలెనన్న తెర యొక్కటే దారియని యువ రచయిత తలచినచో, ఆ తలపులో సత్యము లేకపోలేదు. అయితే తెర మీదికి చేరునది ఆ నవలయేనా, లేక దాని పేరు పెట్టుకొన్న వేరొక వస్తువా అన్నది విచారింపవలసిన విషయము. కొన్ని ప్రసిద్ధ కృతులను ముందుంచుకొని ఈ విచారణ చేయుదము.

మొదట దేవదాసు. శరత్‌చంద్ర ఛటోపాధ్యాయుని ఈ బెంగాలీ నవల 1917లో గ్రంథరూపమున వెలువడినది. 1935లో పి. సి. బారువా కలకత్తా న్యూ థియేటర్సు వారి పక్షమున దానిని చిత్రముగా తీసెను. 1953లో వేదాంతం రాఘవయ్యగారి దర్శకత్వమున, అక్కినేని నాగేశ్వరరావు, సావిత్రి నటింపగా తెలుగు చిత్రము వచ్చినది. మనవారు దానిని పరభాషా కథయని యెన్నడును అనుకొనలేదు.

ఇంత చక్కగా కుదురుటకు కారణమేమి? ఆ నవల చిన్నది. పాత్రలు కొలది. అన్నింటికంటె ముఖ్యమేమనగా, దేవదాసు లోపలి పతనము వెలుపలి ప్రయాణముగా కనబడును. అతడు పల్లె విడిచి పట్టణమునకు పోవును, పట్టణము నుండి ఊరూరు తిరుగును, చివరకు రైలు దిగి బండి యెక్కి పార్వతి వాకిట ప్రాణము విడుచును. మనసులో జరుగునదంతయు దారి మీద జరుగుచున్నది. కెమెరాకు కావలసినది ఇదియే. ఏ నవలలో ఆంతర్యము తనంతట తాను చేష్టగా మారుచున్నదో, ఆ నవల తెరకు సులభముగా లొంగును.

మన భాషలో నవలను నమ్ముకొని చిత్రములు తీసిన కాలమొకటి గలదు. కోడూరి కౌసల్యాదేవిగారి ‘చక్రభ్రమణం’ ఆధారముగా ఆదుర్తి సుబ్బారావుగారు తీసిన ‘డాక్టర్ చక్రవర్తి’ 1964లో వచ్చినది. యద్దనపూడి సులోచనారాణిగారి ‘జీవన తరంగాలు’ 1973లోను, ‘సెక్రటరీ’ 1976లోను తెరకెక్కినవి. 1983లో వచ్చిన ‘అభిలాష’ చిత్రమునకు యండమూరి వీరేంద్రనాథ్‌గారి నవలయే మూలము. వీనిలో హెచ్చుభాగము నవలలు ముందుగా వారపత్రికలలో సీరియళ్ళుగా వెలువడి పాఠకులను సంపాదించుకొన్నవే. నిర్మాత కొన్నది కథను మాత్రమే గాదు, ఆ కథ కొరకు వారము వారము ఎదురుచూచిన ఇల్లాండ్రను గూడ కొన్నాడు. నేటి యువ రచయిత ఈ సంగతి గమనింపవలెను. నవలకు పాఠకుడు మొదట దొరికినాడు, నిర్మాత తరువాత దొరికినాడు.

ఇక మన దక్షిణదేశపు తెలుగు కుటుంబములకు ప్రత్యేకముగా సంబంధించిన కృతి విశ్వనాథ సత్యనారాయణగారి ‘ఏకవీర’. నాయకరాజులేలిన మధుర దీనికి రంగము. తిరుమల నాయకుని మహలు నేటికిని నిలిచియున్న ఆ నగరమున, వైగై యొడ్డున, తెలుగువాని ఊహ తిరుగాడిన నవల ఇది. సేతుపతి, వీరభూపతి ప్రాణమిత్రులు. విధివశమున ఒకరు వలచిన కన్య మరియొకరికి ఇల్లాలగును. కథ ఇంతమాత్రమే. దీని బలము కథలో లేదు. భార్యాభర్తలు ఒక కప్పు క్రింద నుండియు ఒకరితోనొకరు పలుకలేని ఆ మౌనములో నున్నది. మాట ఆడని ఆ ఘడియలను విశ్వనాథవారు వాక్యముల బిగువుతో నింపినారు. ఏమియు జరుగని పుటలలోనే మన గుండె బరువెక్కును.

1969లో సి. ఎస్. రావుగారి దర్శకత్వమున ఇది చిత్రమైనది. ఎన్. టి. రామారావుగారు సేతుపతిగను, కాంతారావుగారు వీరభూపతిగను, కె. ఆర్. విజయ, జమున నాయికలుగను నటించినారు. సంభాషణలు సి. నారాయణరెడ్డిగారివి. సంగీతము కె. వి. మహదేవన్‌గారిది. దేవులపల్లి కృష్ణశాస్త్రి, నారాయణరెడ్డి గార్ల పాటలను నేటికిని మన ఇండ్లలో పాడుకొనుచున్నాము. తెలుగు మాట ఇంత శుచిగా వినబడిన చిత్రములు కొలదియే. ఇందులో సందేహము లేదు.

అయినను విమర్శకుడు ఒక మాట చెప్పక తప్పదు. నవలలోని మౌనమును చిత్రము పాటగా మార్చినది. పాట మధురమైనదే. కాని పాడగలిగినవాడు తన బాధను కొంత దింపుకొన్నవాడగును. దింపుకొనుటకు దారియే లేని బాధ ‘ఏకవీర’ నవలది. మరియొకటి. నవలలో మిత్రులిద్దరును త్రాసులోని సమాన తూకములు. తెర మీద ఒక తూకమున మహానటుడు నిలిచినపుడు ప్రేక్షకుని చూపు ఆ వైపునకు ఒరగుట సహజము. ఇది నటుని దోషము గాదు, దర్శకుని దోషమును గాదు. నవలలో పాత్రలకు మొగము లేదు, మొగమును పాఠకుడిచ్చును. సినిమాలో ఆ మొగము ముందే ప్రసిద్ధమై యుండును. తన నాయకునకు ఏ నటుడు తగునని వ్రాయకముందే ఆలోచించు యువకుడు, ఆ క్షణముననే తన పాత్రను సగము పోగొట్టుకొనుచున్నాడు.

దీనికి ప్రక్కన పెట్టి చూడదగినది కన్నడములోని ‘సంస్కార’. యు. ఆర్. అనంతమూర్తిగారి నవల 1965లో వెలువడినది. 1970లో దానిని చిత్రముగా నిర్మించి దర్శకత్వము వహించినవారు మన నెల్లూరివారైన పఠాభి, అనగా పట్టాభిరామరెడ్డిగారు. 1939లో ‘ఫిడేలు రాగాల డజన్’ అను కవితాసంపుటితో తెలుగు ఛందస్సును కలవరపరచిన కవియే ఆయన. తరువాత బెంగుళూరులో స్థిరపడినారు. పొరుగు రాష్ట్రమున నివసించు తెలుగువాడు పొరుగు భాషకు ఏమి ఈయగలడన్న ప్రశ్నకు ఇంతకంటె మంచి జవాబు దొరకదు. ఆ చిత్రమును సెన్సారువారు మొదట అడ్డగించినారు. తరువాత అదే చిత్రము దేశములో ఉత్తమ చిత్రముగా జాతీయ పురస్కారమును గెలుచుకొన్నది.

‘సంస్కార’ నవల తెరకు సులభముగా లొంగునది గాదు. అగ్రహారమున ఒకడు చచ్చినాడు. ఆచారము విడిచిన ఆ బ్రాహ్మణుని శవమునకు సంస్కారము చేయువారెవ్వరు? ఇది మొదటి సగము, ఇది కంటికి కనబడు కథ. రెండవ సగమంతయు ప్రాణేశాచార్యుని మనస్సులో జరుగును. పఠాభిగారు ఏమి చేసినారు? గిరీష్ కర్నాడ్‌గారిచేత చిత్రానువాదము వ్రాయించి, ఆచార్యుని పాత్రను గూడ ఆయనకే ఇచ్చినారు. పాటలు పెట్టలేదు. రంగులు లేవు. శవము ఇంటిలో నుండగా వీధిలో ఆకలితో నిరీక్షించు మొగములను చూపినారు. ఆచార్యుడు నడచుచుండగా ఆ నడకను మనచేత చూడనిచ్చినారు. ఆలోచనను మాటలలో చెప్పించుటకు తొందరపడలేదు.

ఇదే పట్టాభిరామరెడ్డిగారు 1958లో కె. వి. రెడ్డిగారి దర్శకత్వమున ‘పెళ్ళినాటి ప్రమాణాలు’ నిర్మించినారు. పాటలతో, హాస్యముతో ఇంటిల్లిపాదియు చూడదగిన చిత్రమది. కనుక ఆయనకు పాట విలువ తెలియకపోలేదు. ఏ కృతికి ఏ సాధనము తగునో ఎంచుకొన్నాడు. అయినను నవలలో ఆచార్యుని తర్కము ఒక్కొక్క మెట్టు దిగుటను చదివినవానికి, చిత్రములో ఆ మెట్లు కొన్ని లోపించినట్లు తోచును. ఉత్తమమైన అనుసరణ గూడ మూలమునకు సాక్షి కాగలదు గాని దాని స్థానమును ఆక్రమింపజాలదని దీనివలన గ్రహింపవలెను.

ఈ రెండు వృత్తులును తెలిసినవారు ఏమి చేసినారో చూడుడు. త్రిపురనేని గోపీచంద్‌గారు నవలాకారులు, చిత్ర దర్శకులు గూడ. ‘లక్ష్మమ్మ’ (1950), ‘ప్రియురాలు’ (1952) ఆయన తీసినవి. కాని తన ‘అసమర్థుని జీవయాత్ర’ను ఆయన తెరకెక్కింపలేదు. సీతారామారావు తనతో తాను వాదించుకొను ఆ గ్రంథమును తీసినచో గోడకేసి మాటలాడు మనిషి మాత్రమే మిగులును. మరియొక వైపు వంశీగారు తమ నవల ‘మహల్‌లో కోకిల’ను తామే 1984లో ‘సితార’గా తీసినారు. ఆ కథకు మూసిన తలుపులు, పాడుపడిన మహలు, నాట్యము ప్రాణము. అవి కంటికి సంబంధించినవి గనుక తెర మీద నిలిచినవి. తన చేతిలోనున్నది ఏ జాతి కథయో తెలిసికొనుటయే రచయితకు మొదటి వివేకము.

ఇప్పుడు మన విషయమునకు వత్తము. మనము మాటలాడు తెలుగు ఒకటి గాదు. హోసూరు తెలుగు వేరు, కోవిల్‌పట్టి తెలుగు వేరు, గంజాము తెలుగు వేరు, షోలాపురపు నేతగాండ్ర తెలుగు వేరు, యానాము తెలుగు వేరు. కొన్ని మాటలు ఆంధ్ర తెలంగాణములలో మరుగుపడినను మన అవ్వల నోట బ్రతికియున్నవి. ఈ మాటలను చలనచిత్రము నిలుపునా? సామాన్యముగా నిలుపదు. పెక్కు ఊళ్ళ ప్రేక్షకులకు అర్థము కావలెను గనుక అది భాషను చదును చేయును. యాస నుంచినచో చాలసార్లు నవ్వించుటకే ఉంచును. నవలకు ఆ నిర్బంధము లేదు. ఒక పదము తెలియని పాఠకుడు ఆగి, మరల చదివి, గ్రహింపగలడు. స. వెం. రమేశ్‌గారి ‘ప్రళయకావేరి కథలు’ చదివినవారికి ఈ సంగతి వేరుగా చెప్పనక్కరలేదు. పులికాటు సరస్సు దీవుల తెలుగు ఆ పుటలలో చెక్కుచెదరక యున్నది.

కి. రాజనారాయణన్‌గారిని గూడ స్మరింపవలెను. తెలుగు తల్లిబాసగా గల కుటుంబమున పుట్టి, తమిళమున వ్రాసి, తెలుగువారు దక్షిణమునకు వలసపోయిన గాథను ‘గోపల్ల గ్రామం’ (1976) నవలగా మలచినారు. దాని తరువాతి భాగమునకు 1991లో సాహిత్య అకాడమీ పురస్కారము లభించినది. ఆయన వ్రాసిన ‘కిడై’ అను చిన్న కృతిని అంషన్ కుమార్‌గారు 2003లో ‘ఒరుత్తి’ అను తమిళ చిత్రముగా తీసినారు. ఆయన తెరను వెదకికొని పోలేదు. తన సీమ మాటను తన సీమ మాటగా వ్రాసికొనుచు కూర్చున్నాడు, తెరయే వచ్చినది. మన వలస గాథ పొరుగు భాషలో ఇంత గొప్పగా నిలిచియుండగా, తెలుగులో దానికి సాటి రాదగిన నవలలు ఇంకను వ్రాయవలసియుండుట మన యువకులకు ఊరటయు, ఋణమును గూడ.

ఒడంబడిక సంగతి రెండు మాటలు చెప్పి ముగింతును. జీవితమంతయు కచేరీలో దస్త్రములు వ్రాసిన గుమాస్తాను గనుక ఇది చెప్పక యుండలేను. 1957 నాటి కాపీరైటు చట్టము ప్రకారము నవలను చిత్రముగా మార్చు హక్కు మొదట రచయితది. ఆ హక్కు వ్రాతమూలకముగా, సంతకముతో తప్ప బదిలీ కాదు. ఏ కృతి, ఏ హక్కు, ఎంత కాలము, ఏ ప్రాంతము, ఎంత ప్రతిఫలము అన్నవి పత్రములో స్పష్టముగా నుండవలెను. కాలము వ్రాయనిచో అయిదేండ్లుగను, ప్రాంతము వ్రాయనిచో భారతదేశముగను చట్టము భావించును. తీసికొన్న హక్కును ఏడాదిలోగా వినియోగింపనిచో, పత్రములో వేరుగా వ్రాసికొననియెడల, అది రద్దగును. కృతిని అప్రతిష్ఠ కలుగునట్లు వికృతము చేసినచో అడ్డుచెప్పు హక్కు అమ్మిన పిమ్మట గూడ రచయితకు మిగిలియే యుండును.

కాని వట్టి ఊహకు రక్షణ లేదు. ఆర్. జి. ఆనంద్ అను నాటకకర్త తన నాటకము నుండి చిత్రము తీసినారని వేసిన దావాలో సుప్రీంకోర్టు 1978లో ఈ సంగతి స్పష్టము చేసినది. కాబట్టి నాయనలారా, అమ్మలారా, కథను నోటితో చెప్పుచు తిరుగవలదు. పూర్తిగా వ్రాయుడు. వ్రాసినది మీది, చెప్పినది గాలిది.

ఈ మాటయే నా విమర్శకు గూడ సారాంశము. తెర కొరకు వ్రాసిన నవల, తెర దొరకనిచో దేనికిని కొరగాదు. నవల కొరకు వ్రాసిన నవల తెర దొరకకున్నను నవలగానే నిలుచును, దొరికినచో ఇంకొక వెలుగు పొందును. మీ వీధిని, మీ అవ్వ మాటను, మీ ఇంట రెండు భాషల నడుమ జరుగు పెండ్లిమాటలను, గొడవలను వ్రాయుడు. కెమెరా చూడజాలని దానిని ముందు పట్టుకొనుడు. చూడగలిగినది దానంతట అదే వచ్చును. లిపి రాని మన మనుమడు ఏనాడో తెర మీద ఆ కథను చూచి, మూలము చదువవలెనను ఆశతో అక్షరములు దిద్దినచో, ఆనాడు నవలయు గెలిచినట్లు, చిత్రమును గెలిచినట్లు.