విశ్వవిద్యాలయ పరిశోధన ఫలితాల గణన: కొచ్చిన్ శాస్త్ర సాంకేతిక విశ్వవిద్యాలయం – విమర్శనాత్మక పరిశీలన

వ్యాస సంగ్రహం

ఒక విశ్వవిద్యాలయం నుంచి వెలువడిన పరిశోధన పత్రాలను, వాటికి లభించిన ఉల్లేఖనలను లెక్కించి ఆ సంస్థ శాస్త్రకృషిని అంచనా వేసే పద్ధతి భారతదేశంలో స్థిరపడింది. ఈ పద్ధతి బలాన్ని, పరిమితులను కేరళలోని కొచ్చిన్ శాస్త్ర సాంకేతిక విశ్వవిద్యాలయం (కుసాట్) ఆధారంగా ఈ వ్యాసం పరిశీలిస్తుంది. సంస్థ హద్దు, కాలం, సహకర్తృత్వం, విషయభేదం అనే నాలుగింటిని సరిచూడని అంకెలు నిలవవని, వాటిని సరిచూసినా పరిశోధనకు గల స్థానిక ప్రయోజనం అంకెల్లో పూర్తిగా వ్యక్తం కాదని ప్రతిపాదిస్తుంది.

ముఖ్యపదాలు: శాస్త్రమితి, ఉల్లేఖనం, కుసాట్, సహకర్తృత్వం, స్థానిక పరిశోధన, ర్యాంకింగ్.

1. ఉపోద్ఘాతం

శాస్త్ర రచనను లెక్కించే విద్య గ్రంథాలయశాస్త్రం ఒడిలో పెరిగింది. 1926లో ఆల్ఫ్రెడ్ లోట్కా రచయితల ఉత్పాదకతకు, 1934లో శామ్యూల్ బ్రాడ్‌ఫర్డ్ పత్రికల్లో వ్యాసాలు విస్తరించే తీరుకు సూత్రాలు చెప్పారు. 1948లో ఎస్.ఆర్. రంగనాథన్ ‘లైబ్రమెట్రీ’ అనే భావనను ముందుకు తెచ్చారు. 1955లో ఉల్లేఖన సూచిక ఆవశ్యకతను వివరించిన యూజీన్ గార్ఫీల్డ్ 1964లో సైన్స్ సైటేషన్ ఇండెక్స్‌ను వెలువరించారు. ఒక పత్రాన్ని ఆ తరువాత ఎవరెవరు ఆధారంగా పేర్కొన్నారో తెలిస్తే ఒక ఆలోచన ప్రయాణాన్ని గుర్తించవచ్చు. ఈ సాధనం తొలి ప్రయోజనం అదే. అన్వేషణకు పుట్టిన ఆ సాధనమే నేడు తీర్పుకు ఆధారమయింది.

భారతదేశంలో ఈ తీర్పుకు అధికారిక రూపం జాతీయ సంస్థాగత ర్యాంకింగ్ విధానం. 2016లో తొలి ర్యాంకులు వెలువడిన ఈ విధానంలో విశ్వవిద్యాలయాలకు కేటాయించిన 100 మార్కుల్లో 30 పరిశోధనకు చెందుతాయి. వాటిలో అధికభాగం పత్రాల సంఖ్య, ఉల్లేఖనల మీద ఆధారపడి ఉంటుంది. స్కోపస్, వెబ్ ఆఫ్ సైన్స్ వంటి డేటాబేస్‌ల నుంచి ఈ వివరాలు తీసుకుంటారు. కాబట్టి గణన పద్ధతిలోని లోపం కేవలం పండిత చర్చకు పరిమితం కాదు. నిధులు, నియామకాలు, పరిశోధక విద్యార్థి ఎంచుకునే అంశం దానికి లోబడి ఉంటాయి.

2. సంస్థ హద్దు

ఒక విశ్వవిద్యాలయం పత్రాలను లెక్కించాలంటే ముందుగా ఆ విశ్వవిద్యాలయం ఏదో నిర్ణయించుకోవాలి. ఇది కనిపించినంత సులభం కాదు. కుసాట్ 1971లో కొచ్చిన్ విశ్వవిద్యాలయంగా ఏర్పడి, 1986లో శాస్త్ర సాంకేతిక విశ్వవిద్యాలయంగా పునర్వ్యవస్థీకృతమయింది. 1996లో నగరం పేరు అధికారికంగా కొచ్చిగా మారినా విశ్వవిద్యాలయం పాత పేరునే నిలుపుకుంది. నేటి పేరుతో మాత్రమే వెతికిన అధ్యయనానికి తొలి పదిహేనేళ్ల కృషి దక్కదు. అప్పుడు 1986 తరువాత కనిపించే పెరుగుదలలో కొంతభాగం పేరు మార్పు ఫలితమే అవుతుంది.

తెలుగు ప్రాంతంలో ఈ సమస్య మరింత జటిలం. 1972లో ఏర్పడిన జవహర్‌లాల్ నెహ్రూ సాంకేతిక విశ్వవిద్యాలయాన్ని 2008లో విభజించగా హైదరాబాదు, కాకినాడ, అనంతపురం సాంకేతిక విశ్వవిద్యాలయాలు, వాస్తుకళ, లలితకళల విశ్వవిద్యాలయం ఏర్పడ్డాయి. 2008కి ముందు ఒకే పేరుతో అచ్చయిన పత్రాలను రచయిత పనిచేసిన కళాశాల తెలియకుండా నేటి వారసులకు పంచడం సాధ్యం కాదు. అనుబంధ కళాశాలల అధ్యాపకుల పత్రాలను విశ్వవిద్యాలయం ఖాతాలో చేర్చాలా వద్దా అన్నది మరో ప్రశ్న. ఈ నిర్ణయాలను ముందే ప్రకటించని అధ్యయనంలో ఇంటిపేరు చూసి ఆస్తి పంచిన పొరపాటు ఉంటుంది.

3. కాలం – పెరుగుదల

సంస్థాగత శాస్త్రమితి అధ్యయనాల నిర్మాణం చాలావరకు ఒకే తీరుగా ఉంటుంది. సంవత్సరాలవారీ పట్టిక, అధికంగా రాసిన రచయితలు, అధికంగా ప్రచురించిన పత్రికలు, సహకరించిన దేశాలు, చివర పరిశోధన పెరుగుతున్నదన్న నిర్ణయం. ఈ చివరి నిర్ణయమే అన్నిటికన్నా బలహీనం. ప్రపంచవ్యాప్తంగా పత్రాల సంఖ్య పెరిగింది. డేటాబేస్‌లు చేర్చుకునే పత్రికల సంఖ్య కూడా పెరిగింది. ఏరు పొంగినప్పుడు పడవ పైకి లేవడం పడవ గొప్పతనం కాదు. అదే కాలంలో దేశం మొత్తం పత్రాల్లో ఆ సంస్థ వాటా ఎంత, ఒక్కో అధ్యాపకునికి ఎన్ని పత్రాలు అన్న లెక్కలు లేనిదే పెరుగుదలకు అర్థం ఏర్పడదు.

ఉల్లేఖనలకూ కాలదోషం ఉంది. పాత పత్రానికి ఉల్లేఖనలు కూడబెట్టుకునే వ్యవధి ఎక్కువ, కొత్తదానికి తక్కువ. 2005లో జార్జ్ హిర్ష్ ప్రతిపాదించిన హెచ్-సూచిక ఒకసారి చేరిన అంకె నుంచి కిందికి దిగదు. పరిశోధన ఆగిపోయిన విభాగం కూడా పాత పంట మీద నిలబడగలదు.

4. సహకర్తృత్వం – విషయభేదం

హిగ్స్ కణం ద్రవ్యరాశిని గురించి 2015లో వెలువడిన ఒక పత్రానికి 5,154 మంది రచయితలు ఉన్నారు. ప్రతి సంస్థకూ పూర్తి పత్రాన్ని జమకట్టే పద్ధతిలో అటువంటి ఒక్క పత్రం, ఒక చిన్న విభాగంలో ఇద్దరు వ్యక్తులు ఏళ్లతరబడి శ్రమించి రాసిన పత్రం సమానమవుతాయి. రచయితల సంఖ్యను బట్టి భాగాలుగా పంచే పద్ధతి కూడా ఎవరి శ్రమ ఎంతో చెప్పదు. కానీ అది కనీసం ఒకే పత్రాన్ని అనేకసార్లు పూర్తిగా లెక్కించదు.

కుసాట్‌లో భౌతికశాస్త్రం, ఫోటోనిక్స్, సముద్రశాస్త్రాలు, పాలిమర్ శాస్త్రం, గణితం, న్యాయశాస్త్రం, హిందీ భాషాసాహిత్యం ఒకే గొడుగు కింద ఉన్నాయి. పదార్థశాస్త్రంలో పత్రాలు వేగంగా వెలువడతాయి, వేగంగా ఉల్లేఖితమవుతాయి. గణితంలో రెండూ నెమ్మదిగా సాగుతాయి. న్యాయ, సాహిత్య పరిశోధనల్లో గణనీయమైన భాగం గ్రంథరూపంలో, భారతీయ భాషల్లో ఉంటుంది. వీటన్నిటినీ ఒకే త్రాసులో తూచి విభాగాలకు వరుస సంఖ్యలు ఇస్తే తెలిసేది ఆయా విషయాల ప్రచురణ సంప్రదాయమే తప్ప ఆ విభాగాల ప్రతిభ కాదు.

5. స్థానిక ప్రయోజనం

కుసాట్ పరిశోధనకు దాని భౌగోళిక స్థితితో గాఢసంబంధం ఉంది. సముద్రశాస్త్రాల విభాగాలు కొచ్చి జలాల చెంతనే ఉన్నాయి. దేశంలో సహజ రబ్బరు అత్యధికంగా పండించే రాష్ట్రంలో రబ్బరు సాంకేతికత బోధన, పరిశోధన సాగుతున్నాయి. నైరుతి ఋతుపవనాలు భారత ప్రధాన భూభాగాన్ని తాకే తీరంలో 205 మెగాహెర్ట్జ్ వాతావరణ రాడార్ సుమారు 20 కిలోమీటర్ల ఎత్తు వరకు గాలుల గమనాన్ని కొలుస్తోంది.

ఇక్కడ ఒక అభ్యంతరం న్యాయమైనది. స్థానిక సమస్యపై మంచి పరిశోధన చేస్తే దానికి అంతర్జాతీయ గుర్తింపు రాదా? వస్తుంది. కేరళను 2018, 2019లలో ముంచిన వరుస వరదలకు మేఘవిస్ఫోటాలతోను, పడమటి తీరపు మేఘాల నిర్మాణంలో వచ్చిన మార్పుతోను గల సంబంధాన్ని కుసాట్ శాస్త్రజ్ఞులు పాల్గొన్న బృందం 2021లో అంతర్జాతీయ పత్రికలో ప్రకటించింది. కాబట్టి స్థానికం, అంతర్జాతీయం పరస్పర విరుద్ధాలు కావు. అయితే ఆ పత్రం విపత్తు నిర్వహణలో ఎవరికి ఉపయోగపడిందో ఉల్లేఖనల సంఖ్య చెప్పదు. మత్స్యకారులకు అందిన సలహా, చిన్న రబ్బరు పరిశ్రమకు చేసిన పరీక్ష, ఏళ్లతరబడి సేకరించిన నీటి నమూనాల వివరాలు పత్రంగా మారనంతవరకు లెక్కలో సున్నాయే. 2015లో వెలువడిన లైడెన్ ప్రణాళిక తన పది సూత్రాల్లో ఒకటిగా స్థానిక ప్రాసంగికత గల పరిశోధనను కాపాడాలని చెప్పడానికి కారణం ఇదే.

పరిశోధక విద్యార్థి మీద ఈ లెక్క ప్రభావం మరింత తీవ్రం. విశ్వవిద్యాలయ నిధుల సంఘం 2009 నిబంధనలు సిద్ధాంత వ్యాసం సమర్పించకముందే ఒక పత్రం ప్రచురించాలని విధించాయి. 2022 నిబంధనలు ఆ షరతును తొలగించాయి. షరతు తొలగినా, ర్యాంకు కోసం సంస్థ పత్రాలనే కోరుతున్నంతకాలం ఒత్తిడి తొలగదు. అయిదేళ్లు నమూనాలు సేకరించవలసిన ప్రశ్న కన్నా ఆరునెలల్లో పత్రం ఇచ్చే ప్రశ్న ఆకర్షణీయమవుతుంది. గణన పరిశోధనను కొలవడంతో ఆగక, ఏ పరిశోధన జరగాలో నిర్ణయించడం మొదలుపెడుతుంది. అసలు ప్రమాదం ఇది.

6. ముగింపు

గణనను తిరస్కరించడం పరిష్కారం కాదు. లెక్క లేనిచోట పలుకుబడి రాజ్యమేలుతుంది. బహిరంగంగా సరిచూడగల అంకె దానికన్నా మేలు. ఆ అంకెకు తగిన స్థానం ఇవ్వడమే కావలసినది. పై పరిశీలనలో తేలిన అంశాలు ఇవి:

1. సంస్థ పాత పేర్లు, విభజనలు, అనుబంధ కళాశాలల విషయంలో అనుసరించిన నియమాన్ని అధ్యయనం ముందుగానే ప్రకటించాలి.
2. పెరుగుదలను దేశం మొత్తం పత్రాల్లో సంస్థ వాటాతోను, అధ్యాపకుల సంఖ్యతోను పోల్చి చెప్పాలి.
3. సహకర్తృత్వాన్ని పూర్తి లెక్కతోపాటు భాగాల లెక్కలోనూ చూపాలి. భిన్న విషయాలను ఒకే వరుసలో నిలపకూడదు.
4. గ్రంథాలు, భారతీయ భాషల్లోని పరిశోధన, దీర్ఘకాలిక పరిశీలనలు, ప్రజోపయోగ సేవలు విడిగా నమోదు కావాలి.
5. ప్రతి విభాగం నుంచి కొన్ని పత్రాలనైనా ఆ విషయ నిపుణులు చదివి అభిప్రాయం చెప్పాలి.

చివరి అంశం శ్రమతో కూడినది కావడం వల్లే తరచుగా దాటవేతకు గురవుతుంది. పత్రాల రాశిని యంత్రం లెక్కించగలదు. వాసిని నిర్ణయించడానికి మాత్రం వాటిని చదవక తప్పదు.