స్వానుభవకథనము - దాని యభ్యాసక్రమము

తాను చూచినదానిని, తాను పడినదానిని దానే చెప్పుట సులభమని లోకులు తలంతురు. కథను గల్పింపవలసిన పనిలేదు. పాత్రలను వెదకవలసిన పనిలేదు. జరిగినది జరిగినట్లు వ్రాసినఁ జాలునని వారి యభిప్రాయము. పండితులలోఁ గొందఱి తలం పింతకు భిన్నము. స్వానుభవకథన మాత్మస్తుతికి మాఱుపేరనియు, మన లక్షణగ్రంథములలో దానికిఁ జోటు లేదనియు వారందురు. మొదటి యభిప్రాయమువలన నీ రచనకు వలసిన యభ్యాసము లోపించుచున్నది. రెండవదానివలనఁ బాఠశాలలలో దీనికి గౌరవము లేకున్నది. రెండును బరీక్షింపఁదగినవే.

ముందుగా లక్షణమును విచారింతము. భామహుఁడు కావ్యాలంకారమున నాఖ్యాయికను గథనుండి వేఱుచేసెను. ఆఖ్యాయికయందు నాయకుఁడు తన వృత్తాంతమును దానే చెప్పును. కథయం దట్లు కాక యితరులు చెప్పుదురు; కులీనుఁ డగువాఁడు తన గుణములను దానెట్లు ప్రకటించుకొనునని యచ్చట నాక్షేపము. దండి కావ్యాదర్శ ప్రథమపరిచ్ఛేదమున నీ విభాగమునే యంగీకరింపలేదు. కథయు నాఖ్యాయికయు నొక్క జాతికే రెండు పేళ్లని యాతని సిద్ధాంతము. చెప్పువాఁడు నాయకుఁడైనను నితరుఁడైనను భేదము లేదు. భూతార్థశంసికి, అనఁగా జరిగిన యర్థమును జెప్పువానికి, స్వగుణములను వెల్లడించుట దోషము కాదని యాతఁడు తీర్పు చెప్పెను. స్వానుభవకథనమునకు వలసిన లక్షణ మంతయు నీ యొక్క పదమున నిమిడియున్నది. 'నేను' అను మాట వచ్చినంతమాత్రమున దోషము రాదు. చెప్పినది భూతార్థము కానిచో 'నేను' అను మాట లేకున్నను దోషము తప్పదు.

లక్ష్యము లీ తీర్పును బలపఱుచుచున్నవి. బాణుఁడు హర్షచరిత్రమును రాజుకొఱకు వ్రాసియు, మొదటి యుచ్ఛ్వాసములలోఁ దన వంశమును, దన దేశాటనమును, రాజదర్శనమును వర్ణించెను. తొలిదర్శనమున హర్షుఁడు తన్ను గౌరవింపకపోవుటను, నిందావాక్య మాడుటను దాఁచలేదు. ఆత్మస్తుతియే యుద్దేశమైనచో నా ఘట్టమును విడిచిపెట్టుట కెవ్వ రడ్డము? దశకుమారచరిత్రమునఁ గుమారులు రాజవాహనునిఁ గలిసికొని యెవరి యనుభవమును వారే చెప్పుదురు. అందు మంత్రగుప్తుఁడు, ప్రియురాలు కఱచిన పెదవి నొచ్చుచున్నదని, యోష్ఠ్యాక్షరములు లేకుండఁ దన కథను జెప్పును. దీనిని శబ్దచమత్కారమని మాత్రమే మన మెంచుచుందుము. కాని యిందొక కథనధర్మ మున్నది: చెప్పువాని దేహమునకుఁ గలిగినది చెప్పెడు మాటకుఁ దగులవలెను. ఈ కథలను బదుమూఁడవ శతాబ్దిలోఁ గేతన తెనిఁగించి తిక్కనకు గృతి యిచ్చుటచేఁ దెలుఁగువారికిఁ దమ కథను దాము చెప్పుకొను నాయకులు నాఁటినుండియుఁ బరిచితులే.

లక్షణమున దోషము లేనప్పుడు కష్టమెచ్చట నున్నది? తర్కసంగ్రహము చదివినవారి కీ ప్రశ్నకు సమాధానము చేరువలోనే యున్నది. అన్నంభట్టు బుద్ధిని స్మృతియనియు ననుభవమనియు రెండు విధములుగా విభజించెను. సంస్కారమాత్రమువలనఁ బుట్టిన జ్ఞానము స్మృతి. దానికంటె నన్యమైనది యనుభవము. మనము స్వానుభవమని వ్రాయునది చాలవఱకు స్మృతియే. వ్రాయునప్పటి కనుభవము గడచిపోయినది. దానిపై నిర్ణయమను మూఁడవ పొరయుఁ బడినది. నాఁడు చూచినది, నేఁడు జ్ఞప్తికి వచ్చినది, తరువాత నిశ్చయించుకొన్నది యను నీ మూఁటిని వేఱుచేసి చెప్పుటయే యీ రచనయందలి కష్టము. ఆత్మస్తుతికంటె నీ మూఁటి కలగలుపే పెద్ద దోషము. శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రిగారు తమ గ్రంథమునకు 'అనుభవాలూ - జ్ఞాపకాలూనూ' అని పేరిడి రెంటిని బ్రక్కప్రక్కన నిలుపుట యీ భేద మెఱిఁగినవారు చేయఁదగిన పని.

ఈ భేదమును నేర్చుటకుఁ దెలుఁగున నుత్తమమైన పాఠ్యగ్రంథము, నా తలంపున, ఏనుగుల వీరాస్వామయ్యగారి కాశీయాత్రచరిత్ర. ఆయన చెన్నపట్టణపు సుప్రీముకోర్టులో దుబాసి. 1830వ సంవత్సరము మే నెల 18వ తేదిని బయలుదేఱి, కడప, హైదరాబాదు, నాగపురముల మీఁదుగాఁ గాశికిఁ బోయి, గయ, కలకత్తా, జగన్నాథములను జూచి, సముద్రతీరమున దిగివచ్చి, 1831వ సంవత్సరము సెప్టెంబరు 3వ తేదిని స్వస్థలమునకుఁ జేరెను. దారిలో నెప్పటికప్పుడు వ్రాసికొన్నదానిని మిత్రుఁడగు కోమలేశ్వరపురపు శ్రీనివాసపిళ్ల గారికిఁ బంపుచు వచ్చెను. వీరాస్వామయ్యగారు 1836లోఁ గీర్తిశేషులైన పిదప 1838లో నా మిత్రుఁడే దానిని బ్రకటించెను. 1941లో దిగవల్లి వేంకటశివరావుగారు పరిష్కరించి మరల ముద్రింపించిరి.

ఈ గ్రంథమునందలి గుణమున కాయన పాండిత్యము కారణము కాదు. కారణములు మూఁడు. మొదటిది కాలసామీప్యము. మజిలీ చేరిన వెనుక వ్రాసినవాని కెదుటి మజిలీ యెట్టిదో తెలియదు. ఏటి కావలిదరి నేమున్నదో యాతఁ డెఱుఁగఁడు కనుకఁ దెలిసినట్లు వ్రాయనేరఁడు. అందువలనఁ జదువరియుఁ దనతోఁ గూడ నడచును. రెండవది యుద్దిష్టుఁడగు శ్రోత. లోకమంతటికిఁ గాక చెన్నపట్టణమున నున్న యొక మిత్రునికి వ్రాయుటచే, ఆ మిత్రుఁ డెఱిఁగినది విడువఁబడినది; యెఱుఁగనిది చెప్పఁబడినది. మూఁడవది పరిమాణము. ఊరి కూరి కెంత దూరము, నీళ్లెట్టివి, అంగళ్లున్నవా, దిగుటకు సత్రమున్నదా, బాట రాతిబాటయా యిసుకబాటయా యని యాయన మఱవక వ్రాసెను. వెనుక రాఁగల యాత్రికునకు నీ వివరములే దిక్కు.

భాషనుగూర్చి యొక మాట. అందు హిందూస్థానీపదములును, గచేరిమాటలును, దక్షిణదేశపు పలుకుబడియుఁ గలవని పండితులు సంకోచింతురు. కాని యా పదము లాయన చూచిన వస్తువుల పేళ్లు. వాని స్థానమునఁ గోశమునుండి పర్యాయపదములను దెచ్చి యుంచినచో శైలి మెఱుఁగుపడవచ్చును. చూచినవస్తువు మాత్రము తప్పిపోవును.

లోపములును గలవు. మార్గవృత్తాంతము నడుమఁ దత్త్వవిచారములు దీర్ఘముగాఁ జొచ్చి కథను నిలిపివైచును. మజిలీల వరుస యొక్కొకచోఁ బట్టికవలె నుండును. పల్లకిలోఁ గూర్చున్నవాని చూపే యందున్నది. పల్లకి మోసినవారి చూపు లేదు. ఐనను భూతార్థశంసికిఁ దాను చూచినదానియందే యధికారము. కథకుఁడు తన చూపున కెల్ల యెచ్చట నున్నదో చదువరికిఁ దెలియనిచ్చినఁ జాలును.

దీనితో వీరేశలింగముపంతులుగారి స్వీయచరిత్రమును బోల్చి చూతము. పంతులుగారు 1874లో వివేకవర్ధని నారంభించిరి. 1881వ సంవత్సరము డిసెంబరు 11వ తేదిని రాజమహేంద్రవరమునఁ బ్రథమ వితంతువివాహమును జరిపించిరి. ఈ వృత్తాంతముల నాయన యఱువదేండ్లు దాఁటిన వయసున వ్రాసెను. పోరాటము చాలవఱకు ముగిసినది. ఎవరు మిత్రులో యెవరు కారో తేలినది. కావున నందలి కథనము న్యాయసభలో వాది చెప్పు వాఙ్మూలమును బోలియుండును. క్రమము, హేతువు, ఫలము స్పష్టములు. చరిత్రకారున కది యమూల్యము. కాని 1881నాఁటి రాత్రి యేమగునో తెలియక యెదురుచూచినవాని గుండె చప్పుడు, ఫలము తెలిసినవాని వాక్యమున మందగించినది. ఇది పంతులుగారి సత్యనిష్ఠలో లోపము కాదు. నిర్ణయ మనుభవమును గప్పుట. చిలకమర్తి లక్ష్మీనరసింహముగారి స్వీయచరిత్రము 1944లో వెలువడినది. కన్నులు లేక పరులచే వ్రాయించిన యాయనకు స్మృతియే యాధారము. కాని చెప్పి వ్రాయించుటచే నెదుట నొక శ్రోత యున్నట్టి సౌలభ్య మా వాక్యములకుఁ గలిగినది. వాని హాస్యము సంభాషణహాస్యము. వీరాస్వామయ్యగారికి మిత్రుఁడు చేసిన యుపకారమే యిచటఁ బ్రక్కనున్న లేఖకుఁడు చేసెను.

ఇఁక బడిపండితులకు విన్నపము. 'నీవు చేసిన యాత్రను వర్ణింపుము' అని ప్రశ్న యిచ్చినచో విద్యార్థి సూర్యోదయముతో మొదలిడును. పద్మములు వికసించును, పక్షులు కిలకిలలాడును, తుదకు దేశాటనమువలని లాభములు చెప్పఁబడును. ఆ బాలుఁ డే యూరికిఁ బోయెనో వ్యాసమంతయుఁ జదివినను దెలియదు. దోషము వానిది కాదు. మనము వానికిఁ బ్రబంధవర్ణనములను మాత్రమే యొరవడిగా నిచ్చితిమి. ఆలంకారికులు స్వభావోక్తి కిచ్చిన స్థానమును జెప్పితిమి కాని దాని నభ్యసింపఁజేయలేదు.

అభ్యాస మిట్లుండవచ్చును. జరిగిననాఁడే కొన్ని వాక్యములు వ్రాయింపవలెను. ఆ చోటు చూడని యొక్కనిని, అన్ననో మేనత్తనో, పేరుపెట్టి యుద్దేశించి వ్రాయింపవలెను. దూరము, కాలము, వెల, తోడివారి సంఖ్య యను వానిలో రెండైనను జెప్పింపవలెను. నీతివాక్యముతో ముగింపనీయరాదు. సంవత్సరము గడచిన పిదపఁ దొలిప్రతిని జూడకుండ నదే వృత్తాంతమును మరల వ్రాయించి రెంటిని బోల్పింపవలెను. ఏది నిలిచినది, ఏది జాఱినది, ఏది క్రొత్తగాఁ జేరినది యని విద్యార్థి తానే కనిపెట్టినచో ననుభవస్మృతుల భేదము వానికి సూత్రము లేకయే బోధపడును.

దిద్దుటకు నొక్క ప్రశ్న చాలును: ఈ వాక్యమును, అచ్చటికిఁ బోనివాఁడు వ్రాయఁగలఁడా? వ్రాయఁగలఁ డేని కొట్టివేయవచ్చును. 'గోదావరి గంభీరముగాఁ బ్రవహించుచుండెను' అను వాక్యమును గోదావరిని జూడనివాఁడును వ్రాయును. 'నడియేటికి వచ్చినప్పుడు పడవవాఁడు మాటాడుట మానెను. అంతవఱకు నవ్వుచున్న మా మేనమామ నా చేయి పట్టుకొనెను' అను వాక్యమును బడవ యెక్కినవాఁడే వ్రాయును. రెండవదానిలో నలంకారము లేదు. నది గాంభీర్యము మాత్రము మొదటిదానికంటె నధికముగా నున్నది. భయమను మాట లేకయే భయము తెలిసినది. రసము స్వశబ్దవాచ్యము కారాదని మన మలంకారశాస్త్రమునఁ జెప్పు పాఠ మిదియే కదా!

ఈ యభ్యాసమువలన నందఱును గవు లగుదురని నే ననుట లేదు. పేద యింటి బాలుఁడు తన తండ్రి చేయు పనిని, తాను నడచు బాటను, తాను విన్న మాటను వ్రాయఁదగిన వస్తువులుగా నెఱుఁగుట గొప్ప లాభము. తన యనుభవము వ్రాతకుఁ దగదని చిన్ననాఁడే నేర్చినవాఁడు పెద్దయైన పిదపఁ బరుల మాటలనే తన మాటలని నమ్మును. అట్టివాని సాక్ష్యము సభలోఁ జెల్లదు, గ్రంథమునను జెల్లదు. భూతార్థశంసి యను బిరుదమును దండి నాయకునకిచ్చెను. దానిని మనము విద్యార్థికిఁ గూడ నీయవచ్చును.